రుంబాలో అకార్డియన్

ఆడలేనమ్మ మద్దెల ఓడందని సామెత. మామూలు అమ్మ ఆ మాటంటే ఊరు నవ్వి ఊరుకుంటుంది. అదే మాట సచివాలయంలో కార్యదర్శి హోదాలో ఉన్న పెద్దమనిషి అంటే నవ్వడానికి వీల్లేదు. దానికి ఒక నంబరు పడుతుంది, ఒక తారీఖు పడుతుంది, జీవో అయి మన నెత్తిన కూర్చుంటుంది.

ఆ కార్యదర్శి గారు ఉప్పుగాలికి తుప్పు పట్టని కరెంటు తీగల గురించి అధ్యయనం చేయడానికని సముద్రాల అవతల ఏదో దీవికి వెళ్ళారు. పగలు తీగలు చూశారో లేదో ఆ భగవంతుడికే తెలియాలి. సాయంత్రం మాత్రం నాట్యశాలకు వెళ్ళారు. బయల్దేరే ముందు ఇక్కడే ఆరు వారాలు లాటిన్ డాన్సు నేర్చుకుని ఉన్నారు కనుక ధైర్యంగా బరిలోకి దిగారు. వాద్యగాళ్ళు చాచాచా వాయిస్తున్నారు. ఈయన మాంబో అడుగులు వేశారు. అక్కడ కూర్చున్న ఒక ముసలావిడ విసనకర్ర అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

మన వైపయితే అంత పెద్దాయన తప్పటడుగు వేస్తే తప్పు నేలదంటారు. అలా అలవాటైన ప్రాణం, ఆ నవ్వు తట్టుకోలేకపోయింది. విమానంలో పదకొండు గంటలు ఆలోచించి ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. తన కాళ్ళలో లోపం లేదు. రాష్ట్రంలో సరఫరా అవుతున్న లాటిన్ సంగీతంలోనే కల్తీ జరుగుతోంది. చాచాచాలో మాంబో, మాంబోలో సొన్, సొన్‌లో గ్వారాచా కలిపేసి అమాయకులైన ప్రజల అడుగులు పాడుచేస్తున్నారు. దిగిన వారం లోపల ‘లాటిన్ నృత్య సంగీత కల్తీ నివారణ నిబంధనలు’ వెలువడ్డాయి.

నిబంధనలు రాయడం తేలిక. అమలు చేయడానికి మనుషులు కావాలి కదా. సంగీతం తెలిసినవాళ్ళను తీసుకుందామని ఎవరో అమాయకుడు ఫైల్లో రాశాడట. సంగీతం తెలిసినవారికి సంగీతం మీద పక్షపాతం ఉండే అవకాశం ఉన్నందున ఆ ప్రతిపాదన తిరస్కరించడమైనది అని పక్కన రాసి పంపేశారు. పాలూ నూనే కారం పొడీ తనిఖీ చేసే శాఖలో మిగులు సిబ్బంది ఉన్నారు. కల్తీ పట్టడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. మూడు రోజులు శిక్షణ ఇచ్చి, చేతికో పట్టిక ఇచ్చి, వాళ్ళను సంగీతం మీదికి వదిలారు.

అలా మా గోదావరి వైపు రేవు పట్నానికి దిగినవాడే ఇన్‌స్పెక్టర్ కామేశం. ఇరవై రెండేళ్ళు పాల బిందెల్లో గొట్టాలు ముంచి చూసిన మనిషి. లంచం ముట్టడు. సెలవు పెట్టడు. నిబంధన దాటి ఒక్క అడుగు వేయడు. లంచం ముట్టేవాడైతే ఈ కథే ఉండేది కాదు, వచ్చిన చిక్కల్లా అక్కడే.

ఆ పట్నంలో తుంబా నూకరాజు ఉన్నాడు. తుంబాలంటే నిలబెట్టి అరచేతులతో వాయించే పొడుగాటి డోళ్ళ జత. నూకరాజుకి అరవై ఎనిమిదేళ్ళు. అందులో యాభై ఏళ్ళు ఆ జతతోనే గడిచాయి. కుర్రతనంలో రేవులో బస్తాలు మోసేవాడు. అప్పుడు ఆ దీవి నుంచి పంచదార ఓడ ఒకటి వచ్చి, ఇంజను చెడి, రెండు నెలలు లంగరేసుకుని పడి ఉంది. అందులో ఒక కళాసీ వాయించేవాడు. వాడి భాష వీడికి రాదు, వీడి భాష వాడికి రాదు. వాడు ఓడ మీద నడిచి చూపించి మరీ నేర్పాడు. ఏ వరసకు అడుగు ఎలా పడుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తొందరపడుతుందో అన్నీ కాళ్ళతోనే. ఓడ కదిలేనాడు నూకరాజు ఇంట్లోంచి జాడీడు ఆవకాయ తెచ్చిచ్చాడు. వాడు తన తుంబాల జత ఇచ్చి వెళ్ళాడు. వాటికి ఆఖరిసారి తోలు బిగించిన కోటిలింగం పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ పనితనం వాడితోనే పోయింది. ఇంకెవరికీ రాదు.

నూకరాజు పక్కన ఎప్పుడూ అకార్డియన్ వాయించేది డేనియల్ మాస్టారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. కణుపులు వాచి వేళ్ళు అకార్డియన్ మెట్ల మీద నిలవడం లేదు. నెలాఖరు ఆదివారం కస్టమ్స్ వీధి హాల్లో ఆఖరి ప్రోగ్రాం పెట్టుకుని, ఆ తరవాత పెట్టె మూసేద్దామనుకున్నాడు. నూకరాజుతో ఒకటే మాట అన్నాడు.

"ఆ రోజు నీ తుంబాలు పక్కన లేకపోతే నేను పెట్టె తెరవనురా. ఒట్టు."

నూకరాజు తల ఊపాడు. మాటిచ్చినట్టే.

దానికి మూడు వారాల ముందు, ఐసు ఫ్యాక్టరీ పనివాళ్ళ వార్షికోత్సవానికి వీళ్ళను పిలిచారు. కొత్త నిబంధన ప్రకారం ముందుగా దరఖాస్తు పెట్టాలి. అందులో ‘సరఫరా చేయబోవు శైలి’ అని ఒక గడి. డేనియల్ మాస్టారు ఆలోచించకుండా రుంబా అని రాసేశాడు. ఆర్కెస్ట్రా వాళ్ళ మధ్య అదొక అలవాటు. ఎలక్ట్రానిక్ కీబోర్డులొచ్చిన రోజుల్లో తాళం బొత్తాల మధ్య రుంబా అని ఒక బొత్తం ఉండేది. అది నొక్కితే నెమ్మదిగా, తియ్యగా, తుంబా వినిపిస్తూ ఒక వరస వచ్చేది. అప్పటి నుంచీ తుంబా వినిపించి నెమ్మదిగా నడిచేదేదైనా వీళ్ళకు రుంబాయే. నిజానికి అది బొలేరో. నూకరాజుకి ఆ సంగతి తెలుసు. కానీ మాస్టారు ‘రుంబా వెయ్యరా’ అంటే నలభై ఏళ్ళుగా బొలేరో వేస్తున్నాడు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఐసు ఫ్యాక్టరీలో రెండో పాట సగంలో ఉండగా కామేశం వేదిక ఎక్కాడు. చేతిలో పట్టిక, వెనక లక్క, గోనెసంచులు మోస్తూ ఇద్దరు.

"ఆపండి. దరఖాస్తులో రుంబా అని ప్రకటించి ఉన్నారు. పట్టిక ప్రకారం రుంబాలో తోలు, కర్ర, గొంతు, ఈ మూడు దినుసులు మాత్రమే ఉండవలెను. ఇందులో అకార్డియన్ ఉన్నట్టు కంటితో నిర్ధారణ అయినది. అన్యపదార్థం."

నిజం చెప్పాలంటే ఆ పట్టికలో రాసింది తప్పు కాదు. అసలైన రుంబాకి డోళ్ళూ కర్రలూ గొంతులూ తప్ప మరేమీ ఉండవు. ఎంత చెత్త కాగితంలోనైనా ఒక నిజం దూరుతుంది, అదే ప్రమాదం. డేనియల్ మాస్టారు కంగారుపడి, కల్తీ అయింది అకార్డియనే గదా, అయితే దీన్ని తీసుకెళ్ళండి బాబూ, వాడి డోళ్ళు వదిలేయండి అన్నాడు. కామేశం జాలిగా చూశాడు. పాలలో నీళ్ళు కలిస్తే జప్తు చేసేది పాలనే గానీ నీళ్ళను కాదని, ఇరవై రెండేళ్ళలో తాను ఒక్క చెంబు నీళ్ళు కూడా జప్తు చేయలేదని వివరించాడు.

ఇక లాభం లేదని నూకరాజు నిజం చెప్పేశాడు.

"ఇది రుంబా కాదండి బాబూ. బొలేరో అండి. బొలేరోకి అకార్డియన్ ఉండొచ్చండి. మేం ఏదో అలవాటు కొద్దీ రుంబా అనేస్తామండి."

కామేశం కలం తీశాడు. రుంబా లేబులు మీద బొలేరో సరఫరా. రెండో నేరం. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే మరి. తుంబాలు రెండూ గోనెసంచుల్లోకి వెళ్ళాయి, మూతుల మీద లక్క ముద్రలు పడ్డాయి. ఐసు ఫ్యాక్టరీ పనివాళ్ళు పకోడీలు తినేసి ఇళ్ళకు పోయారు.

మర్నాటి నుంచి నూకరాజు ఆఫీసు చుట్టూ తిరగడం మొదలెట్టాడు. జప్తు గదిలో ముక్కిన కారం డబ్బాల మధ్య, కనరెక్కిన నూనె పీపాల మధ్య తుంబాలు పడి ఉన్నాయి. పైకప్పు కారుతోంది. ఊడ్చే సూరీడమ్మ ఆయన అవస్థ చూసి, చుక్క పడే చోటు నుంచి సంచులను ఇవతలికి జరిపింది. జరిపినందుకు ఆమెకు మెమో వచ్చింది. ముట్టుకోకూడని వస్తువు పొడిగా ఉండటానికి కారణమేమిటో మూడు రోజుల్లో తెలపవలెనని.

నాలుగో రోజు నూకరాజుని లోపలికి పిలిచారు. కామేశం బల్ల పెద్దది, పాతకాలం టేకుది, కుడివైపు లోతైన సొరుగున్నది. దాని వెనక ఆయన, ముందు నూకరాజు. ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టండి, ఒక్క గంటసేపు వాయించి ఏది ఏదో తేడా చెబుతాను, తరవాత మీ ఇష్టం అని నూకరాజు బతిమాలాడు. వినడం వల్ల ప్రయోజనం లేదన్నాడు కామేశం.

"చెవి సాక్ష్యం చెల్లదు నూకరాజు గారూ. నిబంధన తొమ్మిది. ఒక్కొక్కరి చెవి ఒక్కో రకంగా వింటుంది. అందుచేత సంగీతాన్ని వినకుండా నిర్ధారించాలి."

మరి ఎలా నిర్ధారిస్తారండి అని నూకరాజు అడిగాడు. కామేశం నిబంధన పదకొండు చదివాడు. తాళము వెలువడు వస్తువు ఎట్టిదైననూ, ఎవరిదైననూ, కల్తీ అనుమానము కలిగిన తక్షణమే స్వాధీనపరచుకొని, దాని నుండి నమూనా తీసి మూడు భాగములు చేయవలెను. ఒక భాగము ప్రయోగశాలకు, ఒక భాగము కార్యాలయ భద్రతకు, ఒక భాగము వాయించినవారికి. పాలయితే గరిటెతో తీసి మూడు సీసాల్లో పోసేవారు. డోలు విషయంలో నమూనా అంటే ఏమిటో నిబంధనలో లేదు. అందుకని కామేశం, బుద్ధిమంతుడు కాబట్టి, సొంతంగా ఆలోచించకుండా పైకి రాశాడు.

పైనుంచి ఆరో రోజున జవాబు వచ్చింది. "పైన సూచించిన విషయమై తెలియజేయునది ఏమనగా, శబ్దమును సీసాలో రెండేళ్ళు నిలవ ఉంచుట సాధ్యము కాదని సాంకేతిక విభాగము అభిప్రాయపడినది. కావున శబ్దము పుట్టు స్థానము నుండి, అనగా తోలు నుండి నమూనా తీయవలెను. జాప్యము చేసినచో తీవ్రముగా పరిగణించబడును."

అది విన్న నూకరాజు బల్ల అంచు పట్టుకున్నాడు.

"తోలు కోస్తే డోలు చచ్చిపోద్దండి. దాన్ని మళ్ళీ బిగించేవోడు లేడండి. ఆదివారం మా మాస్టారిదండి, ఆఖరి ప్రోగ్రామండి."

ప్రతి పాలవాడూ ఇలాగే ఏదో ఒక ఆదివారం గురించి చెప్పేవాడని కామేశం అన్నాడు. అయినా జాలి లేనివాడు కాదు. పాత బ్లేడు పక్కన పెట్టి కొత్త బ్లేడు తెప్పించాడు. ముందు పెద్ద తుంబా, తరవాత చిన్నది. కోత పడగానే బిగువు వదిలిన తోలు చిన్నగా ఒక చప్పుడు చేసింది. యాభై ఏళ్ళలో ఆ డోలు నూకరాజు చేయి తగలకుండా చేసిన చప్పుడు అదొక్కటే. తోలు ముక్కల్ని మూడు సీసాల్లో వేశారు. పాలు విరిగిపోకుండా వాడే మందు ఒక్కో సీసాలో నలభై చుక్కలు పోశారు. మూతలు బిగించి, లక్క పెట్టి, ఒక సీసా నూకరాజు చేతికిచ్చి సంతకం తీసుకున్నారు.

ఆయన ఆ సీసా చేత్తో పట్టుకుని రేవు వైపు నడిచిపోయాడు. డేనియల్ మాస్టారికి ఆ సంగతి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మాస్టారు సీసా వైపు చూసి, వెళ్ళి అకార్డియన్ పెట్టెకు తాళం వేశాడు.

ప్రయోగశాల నివేదిక ఆదివారానికి మూడు రోజుల ముందు వచ్చింది. నూకరాజుని పిలిపించి కామేశం నిలబడి, గౌరవంగా చదివాడు. "నమూనాను సమగ్రముగా పరీక్షించడమైనది. ఎక్కడనూ అకార్డియన్ జాడ కనిపించలేదు. రుంబా శుద్ధమైనది. వస్తువును యజమానికి తిరిగి అప్పగించవలెను."

అని, తోలు లేని రెండు చెక్క గొట్టాలు ముందు పెట్టి అభినందించాడు. ఈ జిల్లాలో శుద్ధమని తేలిన మొదటి రుంబా ఇదేనట. ఇక నిరభ్యంతరంగా వాయించుకోవచ్చట.

నూకరాజు ఆ గొట్టంలోకి చూశాడు. అవతల గచ్చు కనిపించింది. ఈ మనిషిని తిడదామనుకున్నాడు. ఆ తిట్లన్నీ చేతుల్లోకి దిగాయి. కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు అరచేతులూ టేకు బల్ల మీద వేశాడు.

"బాబూ, ఇది దంజోన్ అండి. పెద్దింటోళ్ళ నడక. మధ్యలో ఆగుద్ది, చూడండి, చెమట తుడుచుకోడానికి. ఇది దాని మనవరాలు, చాచాచా. రెండు పెద్దడుగులు, మూడు చిన్నడుగులు. ఇదేమో సొన్. ఇందులో కింద మోగే లావు తీగ ఉంది చూశారా, పిలవకముందే అరడుగు ముందొచ్చేసే చుట్టం లాంటిదండి. ఇది గ్వారాచా, వేళాకోళం. ఇది మీరు పట్టుకున్న బొలేరో, మేం నలభై ఏళ్ళు రుంబా అన్నది. రుంబా ఇది కాదండి."

ఆఫీసు ఆగిపోయింది. టైపు చేసే చేతులు గాలిలో నిలబడ్డాయి. సూరీడమ్మ చీపురు వరస మారింది. పాపం, జీవో వచ్చినప్పటి నుంచి ఆ గోడల మధ్య ఒక శైలికీ ఇంకో శైలికీ తేడా తెలిసింది ఆ పావుగంటే. కామేశం కూడా విన్నాడు. వినకూడదని నిబంధన ఉన్నా విన్నాడు. విన్నకొద్దీ ఆయన మొహం పాలిపోయింది. ఒకే బల్లలోంచి ఐదు శైలులు, ఒకదాని వెనక ఒకటి, కలిసిపోయి. ఇరవై రెండేళ్ళలో ఇంత ఘోరమైన కల్తీ చూసి ఎరగడు.

వస్తువు ఎట్టిదైననూ, ఎవరిదైననూ. కామేశం తన బల్ల మీది ఫైళ్ళు తీసి నేల మీద పెట్టాడు. బల్ల కాళ్ళకు గోనె చుట్టించాడు. లక్క వేయించాడు. వడ్రంగిని పిలిపించాడు. నా చేత కోయించకండి అయ్యా, నూరేళ్ళ టేకు అని వడ్రంగి మొత్తుకున్నాడు. చట్టానికి తన బల్లా పరాయి బల్లా లేదన్నాడు కామేశం. ఆ మాట అన్నప్పుడు మనిషి నిజంగా పొంగిపోయాడు. రంపం దిగింది. మూడు సమ భాగాలు. ఒక భాగం ప్రయోగశాలకు లారీలో వెళ్ళింది. ఒకటి జప్తు గదిలో కారం డబ్బాల మీదికెక్కింది. మూడోది, వాయించినవారికి. కుడివైపు ముక్క, సొరుగుతో సహా, కాళ్ళతో సహా, సంతకం తీసుకుని నూకరాజుకిచ్చారు. సూరీడమ్మ ఒక పక్క పట్టుకుంది.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. మొదటి వరసలో కామేశం కూర్చున్నాడు, ఒళ్ళో పట్టిక, పక్కన లక్క. దరఖాస్తులో శైలి గడిలో ఈసారి నూకరాజు తన చేత్తో రాశాడు. రుంబా.

డేనియల్ మాస్టారు రానన్నాడు. నూకరాజు వెళ్ళి తీసుకొచ్చాడు. వేదిక మీద మాస్టారు అలవాటు కొద్దీ అకార్డియన్ భుజానికి తగిలించుకోబోతుంటే నూకరాజు ఆ పట్టీ పట్టుకుని ఆపాడు.

"అది కింద పెట్టెయ్యండి మాస్టారూ. మనం ఇన్నేళ్ళూ రుంబా అన్నాం గానీ ఒక్కసారీ వెయ్యలేదు. ఈ రోజు అసలుది వేద్దాం. మీరు పాడండి."

సొరుగు బయటికి లాగి, బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు. బల్ల కాలొకటి రెండుగా కోసి, నున్నగా తీసిన కర్రలు మాస్టారి చేతికిచ్చాడు. కణుపులు వాచిన వేళ్ళు మెట్ల మీద నిలవవు గానీ పిడికిలిలో కర్ర నిలుస్తుంది. ఓడ మీది కళాసీ ఆ రోజుల్లో చెక్క పెట్టె మీద వాయించి చూపించి, చేతులు తిప్పి చెప్పాడు. తమ దీవి రేవులో బస్తాలు మోసేవాళ్ళకు డోళ్ళు ముట్టుకోనివ్వని కాలం ఒకటుందని, అప్పుడు వాళ్ళు చేపల పెట్టెల మీద, ఇళ్ళలో సొరుగుల మీద ఈ రుంబా వేసుకున్నారని. అప్పుడది నూకరాజుకి సగమే అర్థమైంది.

మాస్టారు కర్రలు కొట్టాడు. మూడు, కాస్త ఆగి రెండు. నూకరాజు చేతులు సొరుగు మీద పడ్డాయి. టేకు పలికింది. మాస్టారు గొంతెత్తాడు, ముసలి గొంతు, కుర్రతనంలో రేవులో విన్న బస్తాలు మోసేవాళ్ళ పాట. డెబ్బై నాలుగేళ్ళ మనిషి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా పాట వదల్లేదు. జనం చప్పట్లు అందుకున్నారు.

కామేశం పట్టిక తీసి ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. కర్ర ఉంది. గొంతు ఉంది. తోలు కోసింది తానే కనుక అది లేకపోవడం నేరం కాదు. అన్యపదార్థం లేదు. పట్టుకోవడానికేమీ దొరకలేదు. పట్టిక మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఇక చేసేదేమీ లేక కూర్చున్నాడు. పాట రెండో చుట్టు తిరిగేసరికి ఆయన కుడికాలి చెప్పు నేల మీద పడుతోంది. మూడు, కాస్త ఆగి రెండు. అది ఆయనకు తెలియదు.

వెనక వరసలో ఉన్న సూరీడమ్మకు తెలిసింది. పాట ఆగీ ఆగగానే లేచి, వినయంగా అడిగింది.

"అయ్యగారండీ, తాళం ఎక్కడ పుడితే అక్కడ కొయ్యాలన్నారు కదండీ. మరి తమరి కాలు మూడు ముక్కలు ఎప్పుడు సేత్తారండీ?"

హాలంతా గొల్లుమంది. కామేశం కుడికాలు గబుక్కున కుర్చీ కిందికి లాక్కున్నాడు. వేదిక మీద నూకరాజు సొరుగు మీద మళ్ళీ చేయి వేశాడు. ఈసారి కామేశం ఎడమకాలు మొదలెట్టింది.